వాల్తేరు అప్‌లాండ్స్‌లో 1964 నాటి తాతగారి ఇల్లు: శ్లాబు పెచ్చులూడుతోంది, పడగొట్టాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వాల్తేరు అప్‌లాండ్స్‌లో 1964లో మీ తాతగారు కట్టించిన ఇల్లు. ప్లాను గీసింది మద్రాసు నుంచి వచ్చిన ఆర్కిటెక్టు. ముందువైపు స్తంభాలు లేకుండా ఏడడుగులు బయటికి వచ్చిన వరండా కప్పు, మెట్ల పక్కన నిలువెత్తు జాలీ గోడ, మొజాయిక్ నేల. ఇప్పుడు హాల్లోనూ వరండాలోనూ శ్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు "ఇక లాభం లేదు, పడగొట్టేయండి" అన్నారు. డెవలప్‌మెంట్‌కి ఇమ్మని ఒకాయన వెంటపడుతున్నారు. మీ బాబాయిలు, మేనత్తలు తలో మాటా అంటున్నారు. ఇది హెరిటేజ్ కిందికి వస్తుందా, బాగుచేయడం కుదురుతుందా అని అడిగారు.

నేను 1991 నుంచి విశాఖలో పాత కాంక్రీటు భవనాల రిపేర్లే చూస్తున్నాను. లాసన్స్ బే కాలనీ, మహారాణిపేట, పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, ఇటు పెదవాల్తేరు దాకా మీ ఇంటి ఈడు ఇళ్లు చాలా విప్పి చూశాను. వాటిలో కొన్నిటిని పడగొట్టమని నేనే చెప్పాను. అందుకే ఇది కూడా చెప్పగలను: మీ దగ్గరికి వచ్చినాయన ఏ పరీక్ష చేసి ఆ మాట అన్నారో మీరు రాయలేదు. కింద నిలబడి పైకి చూసి చెప్పారా? సుత్తితో కొట్టి చూశారా? ఒక్క కాగితమైనా రాసిచ్చారా? ఇవ్వకపోతే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి. ఆయన్ని పంపించింది డెవలపరే అయితే అసలే తీసుకోకండి.

శ్లాబు ఎందుకు ఊడుతోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కొత్త కాంక్రీటు గాఢమైన క్షారం, పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం చువ్వ మీద కంటికి కనిపించని పొర ఒకటి ఏర్పడి తుప్పు రానివ్వదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కొంచెంగా లోపలికి దిగి ఆ క్షారాన్ని విరిచేస్తుంది. పీహెచ్ 9 దాకా పడిపోయాక ఆ పొర నిలవదు. ఆపైన కాస్త చెమ్మ తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకి రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి చువ్వ కింది కాంక్రీటు పెచ్చుగా లేచి ఊడిపడుతుంది. సముద్రపు ఉప్పు తోడైందంటే క్షారం ఇంకా ఉన్నా సరే ఆ పొర అక్కడక్కడ తెగిపోతుంది. మొదటిది ఇంటి వయసు వల్ల వచ్చేది, రెండోది మన ఊరి గాలి వల్ల వచ్చేది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు.

1964 నాటి పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. అప్పట్లో సిమెంటు మీద ప్రభుత్వ కంట్రోల్ ఉండేది, ఒక్కో బస్తా చూసి చూసి వాడేవారు. ఒక పాలు సిమెంటుకి రెండు ఇసుక, నాలుగు కంకర, చేత్తో కలిపిన కాంక్రీటు. చువ్వ కింద కవర్, అంటే చువ్వని కప్పి ఉంచే కాంక్రీటు మందం, అరంగుళం, ముప్పావు అంగుళం ఉంటే గొప్ప. మన దేశంలో కాంక్రీటు కట్టడాలకి ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ (2000 నాటిది) సముద్ర తీరపు వాతావరణానికి బాహాటంగా ఉండే కాంక్రీటుకి 45 మిల్లీమీటర్ల కవర్, బలంలో కనీసం ఎం30 గ్రేడ్ కాంక్రీటు అడుగుతుంది. ఆ లెక్కన చూస్తే మీ ఇల్లు ఎప్పుడో పాడవ్వాలి. అరవై ఏళ్లు నిలబడిందంటే ఆ కాంక్రీటుని బాగా కూరారు, నీళ్లు బాగా పట్టారు అని అర్థం.

ఇంకో మంచి విషయం ఉంది. ఊడినచోట కనిపిస్తున్న చువ్వని ఒకసారి గుడ్డతో తుడిచి చూడండి. నున్నగా గుండ్రంగా ఉంటే అది పాత మైల్డ్ స్టీల్. మెలితిప్పినట్టు గాడులుంటే టార్ స్టీల్. చల్లగా ఉండగా మెలితిప్పిన చువ్వ కాబట్టి టార్ స్టీల్ తొందరగా తుప్పు పడుతుంది. 1964 ఇల్లంటే నున్న చువ్వే ఉండాలి. డెబ్భైల్లో, ఎనభైల్లో టార్ స్టీల్‌తో కట్టిన ఇళ్ల శ్లాబులు వీటికంటే అధ్వాన్నంగా ఉండటం చాలాసార్లు చూశాను. మీవాళ్లకి ఈ మాట చెప్పండి, పాతది కాబట్టి బలహీనం అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇక పరీక్ష. మొదటిది మీరే చేయొచ్చు. పావుకిలో సుత్తి, సుద్దముక్క, గట్టి నిచ్చెన చాలు. తలకి హెల్మెట్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. శ్లాబు అడుగున అడుగుకో చోట మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. విడిపోయినచోట డొల్ల చప్పుడు వస్తుంది, పుచ్చిన కొబ్బరికాయని తట్టినట్టు. డొల్ల పలికిన చోటల్లా సుద్దతో గీత గీయండి. హాలంతా అయ్యాక కిందికి దిగి పైకి చూడండి. గీతలన్నీ ఒకే మూల, బాత్రూమ్ కిందనో వాననీటి గొట్టం పక్కనో గుమిగూడితే అది లీకేజీ తెచ్చిన రోగం. గది అంతా చెదిరి ఉంటే వయసు తెచ్చినది.

రెండోది ఫినాఫ్తలీన్ పరీక్ష. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు ముఖం మీద దుమ్ము ఊది ఆ ద్రావకం నాలుగు చుక్కలు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్నచోట క్షణాల్లో బీట్‌రూట్ రసం రంగు తిరుగుతుంది. క్షారం పోయినచోట నీళ్లలా ఉండిపోతుంది. ఆ రెండు రంగుల మధ్య గీత చువ్వకి ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఇవతలే, అంటే బయటివైపే, ఆగితే చువ్వ చుట్టూ క్షారం ఇంకా ఉన్నట్టు. నేను ఇంటివాళ్లని పక్కన నిలబెట్టుకునే ఈ పరీక్ష చేస్తాను. మహారాణిపేటలో ఒక ఇంట్లో స్తంభం చెక్కి చుక్కలు వేస్తే అంగుళం లోపల చువ్వ చుట్టూ చిక్కటి గులాబీ రంగు వచ్చింది. "అంటే ఇంకా బతికే ఉందన్నమాట" అన్నారు ఆ ఇంటి పెద్దాయన. అంతవరకూ ఆయన కూడా పడగొట్టాలనే అనుకుంటున్నారు.

మూడోది ఉప్పు పరీక్ష. డ్రిల్లుతో అరంగుళం, అంగుళం, అంగుళమున్నర లోతుల్లో పొడి విడివిడిగా తీసి ల్యాబ్‌కి పంపాలి. పోత పోసేటప్పుడే కాంక్రీటులో ఘనపు మీటరుకి 0.6 కిలోలకి మించి క్లోరైడ్ (ఉప్పులో చువ్వని తినే భాగం) ఉండకూడదన్నది మన కోడ్ హద్దు. పైపొరలో ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గితే ఉప్పు గాలిలోంచి వచ్చింది. అన్ని లోతుల్లోనూ సమానంగా ఎక్కువుంటే కట్టేటప్పుడే ఉప్పు ఇసుకో ఉప్పు నీళ్లో వాడారు. ఈ రెండోదే నేను భయపడే జబ్బు, అది బాగుచేయడం చాలా కష్టం. వీటితోపాటు హాఫ్ సెల్ రీడింగులు, అంటే చువ్వ దగ్గరి వోల్టేజీ కొలతలు, కూడా తీయించండి. మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోయినచోట ప్రస్తుతం తుప్పు నడుస్తోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇంత గట్టిగా పరీక్షల గురించి చెప్పడానికి కారణం ఉంది. 1996లో లాసన్స్ బేలో ఒక ఇంటికి ఉప్పు పరీక్ష చేయించకుండానే రిపేరు చేశాను. ఊడినచోట చెక్కి, చువ్వ రుద్ది, మంచి పాలిమర్ మోర్టారు పెట్టాను. చూడ్డానికి అద్దంలా వచ్చింది. మూడో ఏడు ఆ ఇంటి పెద్దావిడ కబురు పెట్టారు. వెళితే ఏమీ అనకుండా వేలెత్తి శ్లాబు చూపించారు. నేను వేసిన అతుకులన్నీ చెక్కుచెదరలేదు, ప్రతి అతుకు చుట్టూ మాత్రం జానెడు వెడల్పున కొత్తగా ఊడిపోయింది. ఉప్పెక్కిన కాంక్రీటు మధ్యలో కొత్త మోర్టారు పెడితే అతుకులో చువ్వకి రక్షణ దొరుకుతుంది, దాని పక్కనున్న పాత చువ్వ ఆ తుప్పంతా తన మీదికి తీసుకుంటుంది. బ్యాటరీలో జరిగే పనే ఇది. ఇప్పుడైతే అలాంటి చోట అతుకు అంచుల్లో చువ్వకి జింకు ఆనోడ్‌లు కట్టి మూస్తాం. చువ్వ బదులు జింకు కరిగిపోతుంది. ఆవిడ ఇంటిని మళ్లీ నా ఖర్చుతో సరిచేశాను, కానీ ఆవిడ మౌనం ఇప్పటికీ గుర్తుంది.

మీ హాలు శ్లాబుకి రిపేరు ఎవరు చేసినా ఇవి వదలకూడదు. సెంట్రింగ్ పెట్టి బరువు దింపిన తర్వాతే చెక్కాలి. చువ్వ వెనక వేలు పట్టేంత, అంటే 20, 25 మిల్లీమీటర్లు, ఖాళీ వచ్చేదాకా చెక్కాలి. చువ్వ అడ్డకోత వైశాల్యంలో పావు వంతు పోయినచోట పక్కన కొత్త చువ్వ కట్టాలి. చువ్వ మెరిసేదాకా తుప్పు వదిలించాలి, పైపైన రంగు పూస్తే లాభం లేదు. మామూలు సిమెంటు, ఇసుకతో పూసి సున్నం కొట్టే మేస్త్రీని మాత్రం దగ్గరికి రానీయకండి. మూడు వానాకాలాల్లో అది పాత పెచ్చుని కూడా పట్టుకుని కింద పడుతుంది.

ఇప్పుడు వరండా కప్పు. మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది అదొక్కటే. స్తంభం లేకుండా గాల్లోకి పొడుచుకొచ్చిన కప్పులో అసలు చువ్వలు పైభాగంలో ఉంటాయి. కింద ఊడుతున్న పెచ్చులు చూసి అందరూ కిందే రిపేరు చేయిస్తారు, ప్రాణం పైన ఉంటుంది. పైన నీళ్లు నిలిచి, గోడని కలిసే మొదట్లో సన్నటి పగులు పడి, అందులోంచి చెమ్మ దిగితే చువ్వ తెగేదాకా కింద ఎవరికీ తెలియదు. పైగా ఆ రోజుల్లో కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు చువ్వల మీదే నడిచి వాటిని కిందికి తొక్కేసేవారు. అందుకని కవర్ మీటరుతో పైనుంచి చువ్వ లోతు చూడాలి. మీరు పెట్టిన ఫొటోలో ఆ కప్పు మీద పూలకుండీల వరస, వాటి కింద ఇటుకముక్కల కాంక్రీటు పొర కనిపిస్తున్నాయి. నాలుగంగుళాల పొర ఒక చదరపు మీటరుకి 160 నుంచి 200 కిలోలు తూగుతుంది. ఆ బరువు ఆర్కిటెక్టు లెక్కలో లేదు. తర్వాత ఎవరో లీకేజీ ఆపడానికి వేయించి ఉంటారు.

ఇలాంటి కప్పులు గొప్పవాళ్లకి కూడా తలనొప్పే. అమెరికాలో పేరున్న ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటి వరండా ఏళ్లు గడిచేకొద్దీ దాదాపు 7 అంగుళాలు కుంగింది. 2002లో లోపలి నుంచి ఉక్కు తాళ్లు బిగించి దాన్ని నిలబెట్టారు. పారిస్ దగ్గర పువాసీలో ఇంకో పెద్ద ఆర్కిటెక్టు లె కార్బూజియే 1931 నాటికి పూర్తిచేసిన విల్లా సవోయ్ మొదటి వానాకాలాల నుంచే కురిసేది. ఇంటావిడ ఆయనకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. అంత లీకేజీ ఇంటిని కూడా ఒక దశలో స్కూలు కోసం పడగొట్టబోయారు, ఆర్కిటెక్టుల గొడవతో ఆగింది, 1965లో చారిత్రక కట్టడమైంది. పెద్ద పేరున్న ఇళ్లు కూడా రిపేరు అడుగుతాయి, ఆ పని మీ ఇంటికి చేయించుకోవడం వింతేమీ కాదు.

ఇల్లు ఎందుకు దక్కించుకోవాలి అని మీ బాబాయిగారు అడిగారని రాశారు. దానికి నాకు తోచిన జవాబు ఇది. మే నెల మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయినప్పుడు మీ మెట్ల దగ్గర నిలబడమనండి. మన ఊరికి సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది, గాలి అటునుంచే వస్తుంది. మీరు గీసి పంపిన బొమ్మలో జాలీ గోడ సరిగ్గా ఆ వైపుకే ఉంది, ఎదురుగా వాయవ్యాన పైనెక్కడో పొడవాటి వెంటిలేటర్లు ఉన్నాయి. జాలీలోంచి చొరబడిన గాలి మెట్ల గదిలోంచి పైకి లేచి అక్కడ బయటపడుతుంది. ఏడడుగుల కప్పు ఎండని గోడ దాకా రానివ్వదు. దీన్ని గీసినాయన ఈ ఊరి గాలి ఎటునుంచి వీస్తుందో నిలబడి చూసుకుని గీశారు. ఇప్పుడు కట్టే అపార్టుమెంట్లలో నాకు ఇది కనిపించదు.

ఇలాంటి ఆలోచనకి మన బంగాళాఖాతం ఒడ్డునే ఒక పెద్దన్న ఉన్నాడు. పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వారి వసతి గృహం, పేరు గోల్‌కొండ్. హైదరాబాదు నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా మన గోల్కొండ పేరే పెట్టారు, దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చిన డబ్బు అది. ఆంటొనిన్ రేమండ్ డిజైను చేస్తే జార్జి నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ అక్కడే ఉండి పని చూసుకున్నారు. 1930ల చివర్లో మొదలైంది. పొడవైన ముఖాలు ఉత్తర దక్షిణాలకి ఉంటాయి. కిటికీల బదులు గోడంతా తిప్పుకునే అడ్డపట్టీలు, గదికీ వసారాకీ మధ్య టేకు పట్టీల తలుపులు, కాంక్రీటు కప్పు మీద మళ్లీ గాలి ఆడేలా వంపు పెంకులు. సముద్రానికి అంత దగ్గరలో ఎనభై ఏళ్లు దాటినా వాడుకలో ఉందంటే కారణం ఒకటే, ఆశ్రమంవాళ్లు దాన్ని రోజూ చూసుకుంటారు. వీలైతే మీ ఇంట్లో నలుగురూ కలిసి ఒకసారి బయటినుంచైనా చూసిరండి.

మీ ఇంట్లో లోపం డిజైనులో కంటే తర్వాత చేసిన మార్పుల్లో ఎక్కువుందని నా అనుమానం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఊళ్లో అందరూ విరిగిన చెక్క రెక్కలు తీసేసి అల్యూమినియం స్లైడింగులు పెట్టించారు. మీ వెనక గదులకీ అవే ఉన్నాయి. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, అంటే గాలి సగానికి సగం పోయింది. జాలీ గోడ కింది భాగాన్ని వాస్తు పేరుతో ఇటుకలతో మూశారని మీరే రాశారు. మిగతా సగం అక్కడ పోయింది. గాలి ఆడని ఇంట్లో చెమ్మ ఆరదు, చెమ్మ ఆరని శ్లాబు ముందు ఊడుతుంది. ఆ ఇటుకలు తీయించడం మీరు చేయగల అన్నిటికంటే చవకైన రిపేరు.

హెరిటేజ్ విషయం: చట్టం మీకు అడ్డం రాదు, అండగానూ నిలబడదు. కేంద్ర పురావస్తు చట్టం (1958) ప్రకారం కట్టడానికి కనీసం 100 ఏళ్లుండాలి. స్వాతంత్ర్యం తర్వాతి భవనాలు ఇందులోకి రావు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో రాజ్ రేవల్ 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రపంచమంతా మెచ్చుకున్న భవనం. దానికి 60 ఏళ్లు నిండలేదన్న కారణంతో రక్షణ దొరకలేదు, 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు. కాబట్టి మీ ఇంటిని కాపాడేది మీ కుటుంబం ఒప్పందమే. పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ విశాఖ విభాగంవాళ్లని పిలిచి చూపించండి. వాళ్లు ఆర్డరు ఇవ్వలేరు, కానీ ఇంట్లో పెద్దలకి వాళ్ల మాట బరువుగా వినిపిస్తుంది.

డబ్బు గురించి పెద్దగా చెప్పను, అది మీ ఇంటి లెక్క. అయితే పడగొట్టడమా ఉంచడమా అని రెండే దారులున్నట్టు మాట్లాడుకోకండి. మీ స్థలంలో ఇల్లు ముందు సగంలోనే ఉంది, వెనక పెరడు ఖాళీ. ఇంటిని అలాగే ఉంచి వెనక కట్టుకోవడానికి ఏమేరకు అనుమతి వస్తుందో టౌన్ ప్లానింగ్‌లో ముందు కనుక్కోండి. సిరిపురం, కిర్లంపూడి వైపు పాత ఇళ్లని ఆఫీసులకీ కేఫ్‌లకీ అద్దెకిచ్చి ఆ అద్దెతోనే బాగుచేయించుకుంటున్నవాళ్లున్నారు. మేనత్తల వాటా డబ్బు రూపంలో తేల్చి, ఒప్పందం రిజిస్టరు చేయించుకున్న తర్వాతే రిపేరు మొదలుపెట్టండి. సగం పనిలో గొడవ వచ్చి ఆగిన ఇల్లు, అసలు ముట్టుకోని ఇంటికంటే వేగంగా పాడవుతుంది.

పడగొట్టాల్సిన పరిస్థితి కూడా చెబుతాను. స్తంభాల్లో చువ్వ లోతున అన్ని చోట్లా ఉప్పు ఎక్కువుంటే, పునాదులు కుంగి గోడలు ఏటవాలుగా చీలితే, నేనైతే మీ డబ్బు దాని మీద పెట్టమనను. అప్పుడు కూడా కూల్చే ముందు కొలతలతో బొమ్మలు గీయించండి. ఆంధ్రా యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ విభాగానికి రాస్తే విద్యార్థులకి అది మంచి పాఠం అవుతుంది. జాలీ దిమ్మలు ఒక్కొక్కటీ ఊడదీసుకోవచ్చు, మొజాయిక్ మాత్రం రాదు.

ముందు మాత్రం పాత కాగితాలు వెతకండి. తాతగారి ట్రంకుపెట్టె, బీరువా పైఅర, ఎల్‌ఐసీ బాండ్ల కట్ట, ఇలాంటి చోట్లే దొరుకుతాయి. మడతల్లో చిరిగిపోయే అమ్మోనియా ప్రింట్లు, లేదా మైనం పూసినట్టుండే ట్రేసింగ్ గుడ్డ. కింద మూలలో ఆర్కిటెక్టు పేరు పక్కన ఏ.ఐ.ఐ.ఏ. అని ఉందేమో చూడండి, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ సభ్యుడు. ఆర్కిటెక్ట్స్ చట్టం 1972లో వచ్చింది, అంతకుముందు ఆ సభ్యత్వమే గుర్తింపు. నాకు అన్నిటికంటే కావాల్సింది చువ్వల వివరాల షీటు. వరండా కప్పులో పైచువ్వలు ఎన్ని, ఎంత మందం అన్నది అందులో ఉంటే సగం పరీక్షలు తప్పుతాయి.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. వరండా మీది కుండీలు దింపించండి. కప్పు కొస కింద నాలుగు జాకీలు నిలబెట్టించండి, కింద పలకలు వేసి. జాకీ తల కప్పుకి తాకితే చాలు, బిగించి పైకి లేపొద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. లేపితే కప్పులో బలం తిరగబడి, చువ్వ లేని కిందివైపు పగులుతుంది. పరీక్షలూ రిపేరూ అయ్యేదాకా ఆ కప్పు కింద బళ్లు పెట్టడం, పిల్లలు ఆడుకోవడం ఆపేయండి. సుద్దగీతల ఫొటో, చువ్వ ఫొటో, షీటు దొరికితే దాని ఫొటో ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.